స్తంభాలు వచ్చాయి, పేర్లు రాలేదు: తెల్లమేడల నిర్మాణ చరిత్ర మీద కొన్ని గమనికలు

మేడకు చరిత్ర ఉంటుంది, గుడిసెకు ఉండదు. ఎవరూ పైకి చెప్పకపోయినా మన చరిత్ర రచన నడిచింది ఈ సూత్రం మీదనే. మేడ ఎవరు కట్టించారో, ఏ సంవత్సరంలో కట్టించారో, ఏ తెల్లదొర వచ్చి అందులో విడిది చేశాడో పుస్తకాల్లో దొరుకుతుంది. ఎవరు కట్టారో మాత్రం దొరకదు. తెలుగులో 'కట్టటం' వేరు, 'కట్టించటం' వేరు. ఈ రెండు మాటల మధ్య ఉన్న చిన్న 'ఇంచు'లోనే మన సమాజంలోని ఎడమంతా ఇమిడి ఉంది. చరిత్ర ఎప్పుడూ ఆ 'ఇంచు' ఉన్నవాళ్ల వైపే నిలబడింది.

మేము పనిచేస్తున్నది కృష్ణా జిల్లా ఉంగుటూరు ప్రాంతంలో. నూజివీడు మామిడి తోటల సీమ ఇది. చిన్నరసాలు, పెద్దరసాలు ఎక్కడెక్కడికో ఎగుమతి అవుతాయి గానీ ఆ తోటలకు కావలి కాసిన వాళ్ల సంగతి ఊరు దాటదు. ఈ మండలంలోనే ఉన్న తేలప్రోలు ఒకప్పుడు జమీందారీ కేంద్రం. నూజివీడు సంస్థానం ప్రీవీ కౌన్సిల్ దాకా పోయిన వారసత్వపు వ్యాజ్యం తర్వాత పంపకమైంది. వుయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు లాంటి ఎస్టేట్లు అలా విడివిడిగా ఏర్పడ్డవే. జమీందారు ఇంటిని ఇక్కడి జనం బంగళా అనో, మేడ అనో ఊరుకోరు, 'దివాణం' అంటారు. అంటే ఇల్లూ అదే, కచేరీ అదే, శిక్ష వేసే చోటూ అదే. ఈ మాటలోనే కావలసినంత చరిత్ర ఉంది.

తెల్లటి లావుపాటి స్తంభాలు, ఎత్తైన పోర్టికో, దాని నుదుటన త్రికోణం - ఇలాంటి మేడల్ని వాస్తు పండితులు 'పునరుద్ధరణ శైలి' కింద చేరుస్తారు. పాత గ్రీకు, రోమను కట్టడాల రూపాన్ని మళ్లీ బతికించిన శైలి అని అర్థం. అయితే మా ప్రశ్న ఒకటే. ఏం బతికించారు? ఏం బతికించకుండా వదిలేశారు?

ఈ శైలి ఎక్కడిది?

మొదట ఇది గుడి రూపం. క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దంలో ఏథెన్స్ కొండ మీద కట్టిన గుళ్లకు వరస స్తంభాలు, వాటి మీద త్రికోణపు నుదురు ఉండేవి. రోమన్లు దాన్ని తీసుకున్నారు. చాలా శతాబ్దాల తర్వాత ఇటలీలో ఆండ్రియా పల్లాడియో (1508-1580) ఆ గుడి ముఖాన్ని తీసుకొచ్చి ధనికుల ఇళ్లకు తగిలించాడు. 1570లో వచ్చిన ఆయన నాలుగు భాగాల వాస్తు గ్రంథం యూరప్ అంతా తిరిగింది. ఆయన ఊళ్లలో కట్టిన ఇళ్లు చాలావరకు వ్యవసాయ క్షేత్రాల మధ్య భూస్వాముల కోసం కట్టినవి. మన భాషలో చెప్పాలంటే అవి అక్కడి దివాణాలు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు భూస్వాములు ఈ నమూనాను నెత్తిన పెట్టుకున్నారు. 1762లో స్టూవర్ట్, రెవెట్ అనే ఇద్దరు ఏథెన్స్ కట్టడాలను కొలిచి బొమ్మలతో పుస్తకం అచ్చు వేయటం మొదలుపెట్టాక గ్రీకు మోజు ఇంకా ముదిరింది. ఈ బొమ్మల పుస్తకాలే కంపెనీ ఇంజనీర్ల వెంట మద్రాసుకు ఓడెక్కి వచ్చాయి.

గుడి ముఖాన్ని ఇంటికి పెట్టటం అంటే ఏమిటో మనకు ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో ఉన్నవాడు దేవుడితో సమానం, ఆ మెట్ల కింద నిలబడ్డవాడు భక్తుడు. గుడి మెట్లు ఎక్కనివ్వని జాతికి ఈ భాష ఒక్క చూపులో అర్థమవుతుంది.

కానీ ఆ ఏథెన్స్ కొండ మీదే ఇంకో సంగతి ఉంది. అక్కడి ఎరెక్తియోన్ అనే గుడి కట్టినప్పటి లెక్కలు, క్రీ.పూ. 409-407 ప్రాంతానివి, రాతి పలకల మీద చెక్కి జనం చూసేలా నిలబెట్టారు. అందులో పనిచేసిన వాళ్ల పేర్లున్నాయి. స్తంభాలకు నిలువు గాడులు చెక్కిన జట్లలో ఏథెన్స్ పౌరులున్నారు, బయటినుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్లున్నారు, బానిసలూ ఉన్నారు. రోజు కూలి లెక్క కట్టిన చోట పౌరుడికీ బానిసకీ ఒకటే రేటు. బానిస కూలి యజమాని చేతికే పోయి ఉంటుంది, అది వేరే సంగతి. ఏథెన్స్ ఏదో ధర్మరాజ్యం అని మేము అనటం లేదు. కానీ బానిస పేరు రాతి మీద ఉంది.

రెండు వేల ఏళ్ల తర్వాత ఆ స్తంభాన్ని మళ్లీ బతికించారు. ఆ పేర్ల పలకను మాత్రం ఎవరూ బతికించలేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ఒప్పందం, సనదు, స్తంభం

తెలుగు నేల మీదికి ఈ స్తంభాలు ఏ కాలంలో వచ్చాయో చూడండి. 1798లో నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. 1800లో ఆ సైన్యం ఖర్చు కిందనే బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి పోయాయి. మనం దత్తమండలం అని పిలిచింది వాటినే. ఉత్తర సర్కారులు అంతకుముందే, 1766 ఒప్పందంతో, చేతులు మారాయి. ఆ సర్కారుల్లో 1802 రెగ్యులేషన్ కింద శాశ్వత పరిష్కారం వచ్చి, పేష్కషు కట్టే జమీందార్లకు సనదులు ఇచ్చారు. నూజివీడు జమీందారీ ఆ కోవలోదే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1800-1802 మధ్య, మద్రాసులో గవర్నరు విందుశాలను గ్రీకు గుడి ఆకారంలో లేపారు. దాని నుదుటి మీద ప్లాసీ, శ్రీరంగపట్నం విజయాల గుర్తులు పెట్టారు. ఇప్పుడు రాజాజీ హాలు అనేది దాన్నే. 1803 ప్రాంతంలో హైదరాబాదులో మూసీకి ఉత్తరపు ఒడ్డున బ్రిటిష్ రెసిడెన్సీ మేడ మొదలైంది.

అయిదారేళ్ల లోపల ఇవన్నీ జరిగాయి. ఒప్పందం, సనదు, స్తంభం - మూడూ ఒకే బండిలో దిగాయి. భూమి ఎవరిదో కాగితం మీద రాశారు, రాజ్యం ఎవరిదో సున్నంతో నిలబెట్టి చూపించారు. మద్రాసు విందుశాలకు పిలుపు అందుకున్న జమీందార్లు తమ దివాణాలకూ ఆ ముఖం కావాలనుకోవటంలో వింతేముంది?

రెసిడెన్సీ మేడ

ఈ శైలి తెలుగు గడ్డ మీద పూర్తి రూపంలో కనిపించేది హైదరాబాదు కోఠీలోని ఆ రెసిడెన్సీలోనే. అందుకని కొంచెం వివరంగా చూద్దాం. దీన్ని తలపెట్టినవాడు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఖర్చు మాత్రం నిజాంది. నక్షా మరీ పెద్ద కాగితం మీద గీసి చూపిస్తే, అది తన రాజ్యం పటమంత ఉందని నిజాం బెదిరి ఒప్పుకోలేదనీ, చిన్న కార్డు మీద గీసి తీసుకెళ్తే సరే అన్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఈ కథ చెప్పి నవ్వుకుంటారు. కాగితం చిన్నదైతే మేడ చిన్నదవుతుందా? ఆ ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది? నిజాం ఖజానా నిండేది రైతు కట్టే శిస్తుతో. ఆ రైతు చేలో దుక్కి దున్నిన పాలేరుకు నక్షా పెద్దదైనా ఒకటే, చిన్నదైనా ఒకటే.

ఉత్తరం వైపు ముఖం. ఆరు కొరింథియన్ స్తంభాలు. తల దగ్గర ఆకులు విచ్చుకున్నట్టు ఉండే స్తంభాన్ని కొరింథియన్ అంటారు. పైన త్రికోణంలో కంపెనీ వారి చిహ్నం. కింద వెడల్పాటి మెట్లు, మెట్లకు రెండు పక్కలా సింహాలు. లోపల రెండంతస్తుల ఎత్తున్న దర్బారు హాలు, రెండు చేతులుగా చీలే మెట్లు. వెనక వైపు కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా కోసం రంగమహల్ అనే జనానా కట్టించాడు. అది హిందుస్తానీ పద్ధతిలో ఉండేది. ఆయన 1805లో కలకత్తాలో చనిపోయాడు. రంగమహల్‌ను 1860 ప్రాంతంలో తర్వాతి రెసిడెంట్లే పడగొట్టించారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం ఈ మేడ మీద దాడి చేశారు.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. కిర్క్‌పాట్రిక్ ప్రేమ కథ మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే వచ్చింది. సున్నం మోసిన మనిషి మీద ఒక పేజీ లేదు.

స్తంభం లోపల ఏముంది?

గ్రీకు స్తంభం పాలరాయి. మన స్తంభం పాలరాయి కాదు. కిర్క్‌పాట్రిక్ మేడయినా, దివాణమయినా, తెల్లటి పూత గీకితే కనిపించేది ఇటుక. ఇటుకల్ని గుండ్రంగా పేర్చి, సున్నంతో పూసి, పాలరాయిలాగా నున్నగా తోమారు. మద్రాసు గచ్చు అని పేరు మోసింది ఇదే. ఇంజనీరు గీసిన గీతకు ప్రాణం పోసింది ఈ సున్నం పని.

ఆ పని ఎలా సాగేదంటే - రాతి సున్నం గానీ, గుల్ల సున్నం గానీ బట్టీలో కాలుస్తారు. నీళ్లు చల్లి విరగ్గొడతారు. ఇసక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రోజుల తరబడి నూరుతారు. కరక్కాయ ఊరేసిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. ఆఖరి పూతకు కోడిగుడ్డు తెల్లసొన కూడా వాడేవాళ్లు. తడి ఆరకముందే నునుపు రాయితో తోముతూ పోవాలి. సున్నం చేతుల్ని తినేస్తుంది, కళ్లల్లో పడితే చూపు పోతుంది. కప్పు సంగతీ అంతే. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా పేర్చి, దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, ఆడకూలీలు వరసగా కూర్చుని చేతి చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. దీన్ని 'మద్రాసు టెర్రస్' అని ఇంజనీరింగు పుస్తకాలు గొప్పగా రాస్తాయి. కొట్టిన చేతులు ఆడవాళ్లవి అన్నమాట మాత్రం పుస్తకం అంచు దాటి రాదు.

రాయి కొట్టింది వడ్డెరలు. మట్టి పని, సున్నం పని చేసింది ఉప్పరలు. దూలాలు చెక్కింది వడ్రంగులు. ఎత్తుడు పని, మోత పని మాల మాదిగలది. సున్నానికి నీళ్లు కావాలి కదా, బావిలోంచి నీళ్లు తోడిన కపిల బాన తోలుది. ఆ తోలు బాన కుట్టింది మాదిగ. అంటే మాదిగ చేసిన బానలోంచి వచ్చిన నీళ్లతోనే గోడ లేచింది. మేడ పూర్తయ్యి గృహప్రవేశం అయిన రోజునుంచీ ఆ బావి గట్టు మీద మాదిగ అడుగు పెట్టకూడదు. శాస్త్రం ఒప్పుకోదు. తోలు బాన ఉన్నన్నాళ్లూ ఒప్పుకున్న శాస్త్రమే ఇది!

ముందు గుమ్మం, దొడ్డి గుమ్మం

కోస్తాలో జమీందారీ మేడల్లో తరచు కనిపించే ఒక విచిత్రం ఉంది. ఎదర ముఖం గ్రీకుది, లోపల మాత్రం మన మండువా లోగిలి. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క దేవుడి గది, వెనక పెరడు. శైలి మారింది, అడుగుల లెక్క మారలేదు. కులం ఇంటి నక్షాలోనే గీసి ఉంది.

పోర్టికో కింద దొరలు, అధికారులు దిగుతారు. మెట్ల మీదకు కరణం, మునసబు వస్తారు. రైతులు అరుగు దగ్గర నిలబడతారు. పాలేరు దొడ్డి గుమ్మం దగ్గర, చెప్పులు విడిచి, తలపాగా తీసి ఆగిపోతాడు. అందరికంటే చివర ఇంకో గుమ్మం ఉంటుంది. దాన్ని గుమ్మం అని ఎవరూ అనరు. పెద్ద ఇళ్లలో మరుగుదొడ్డి వెనక గోడకు బయటి సందు వైపు చిన్న కంత పెట్టేవారు. పాకీ పని చేసే మనిషి ఇంట్లోకి రాకుండా, ఎవరి కంటా పడకుండా ఎత్తుకుపోవటానికి. ఏ వాస్తు పుస్తకంలోనూ ఈ కంతకు లాటిన్ పేరు లేదు. స్తంభం తల మీది ఆకుకు మాత్రం పేరుంది. మనుషుల చేత మలం ఎత్తించటాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టాలు చేయవలసి వచ్చిందంటే ఆ కంత ఎంత గట్టిగా కట్టారో తెలుస్తుంది.

ఇది మన ఒక్క దేశపు సంగతి కాదు. ఇదే శైలిలో, రెసిడెన్సీకి పదేళ్ల ముందు, అమెరికాలో వైట్ హౌస్ కట్టడం మొదలైంది. 1792లో పునాది, 1800లో గృహప్రవేశం. ఆ పనిలో నల్ల బానిసలు ఉన్నారు. కూలి పట్టీల్లో వాళ్ల పేర్లు కనిపిస్తాయి, డబ్బు మాత్రం యజమానులకు పోయింది. 2016లో మిషెల్ ఒబామా ఒక సభలో, బానిసలు కట్టిన ఇంట్లో తాను రోజూ నిద్ర లేస్తున్నానని చెప్పినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. నల్లవాళ్లు ఆ పట్టీలు వెతికి తీశారు గనుక ఆ మాట అనగలిగారు. మన పట్టీలు ఎవరు వెతకాలి?

చట్టం వదిలిపెట్టిన ఇల్లు

1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం (26వ చట్టం) వచ్చింది. జమీందారీలు పోయాయి అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. చట్టంలో భవనాల గురించి ఒక సెక్షను ఉంది, పద్దెనిమిదోది. ఎస్టేటు పరిపాలన కోసమే వాడుతున్న కచేరీ భవనాలు ప్రభుత్వానికి వస్తాయి. నివాసపు ఇళ్లు మామూలుగా సొంతదారుకే ఉంటాయి. అంటే దివాణం అనే ఒక్క మాటలో కలిసి ఉన్న ఇల్లూ కచేరీల్ని చట్టం విడదీసింది. కచేరీని తీసుకుంది, మేడను వదిలింది. పన్నెండో సెక్షను కింద జమీందారు సొంత సేద్యపు భూములకు ఆయనకే రైత్వారీ పట్టా దక్కే వీలుంది. రైతుకు రైతు పట్టా వచ్చింది. ఆ భూమిలో తరతరాలుగా పనిచేసిన పాలేరు రైతు కాదు, భూస్వామీ కాదు. కాబట్టి ఏ సెక్షనులోనూ లేడు. ఇంటి గోడ మీద లేని పేరు చట్టంలోకి ఎలా వస్తుంది? పేరు లేకపోవటం అంటే పట్టా లేకపోవటమే. అందుకే ఇది సరదా వాస్తు చర్చ కాదు.

పక్కనే ఇంకో ఇల్లు

మళ్లీ కోఠీకి వద్దాం. రెసిడెన్సీకి కాలినడక దూరంలో ఇసామియా బజారు ఉంది. అక్కడ 1910లో భాగ్యరెడ్డి వర్మ (1888-1939) మన పిల్లల కోసం బడి పెట్టాడు. దొరల ఇళ్లలో పనిచేసిన కుటుంబాల నుంచే హైదరాబాదు ఆది హిందూ ఉద్యమానికి చాలామంది వచ్చారు. వర్మ కూడా కుర్రతనంలో ఒక బారిస్టరు ఇంట్లో పనిచేసినవాడే. ఆ వెనక గుమ్మం నుంచి మేడను చూసినవాళ్లు మేడ లోపలి రహస్యం తెలుసుకున్నారు. చదువు, సభ, సొంత కప్పు ఉంటేనే మనిషి నిలబడతాడని గ్రహించారు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం అలా లేచిందే. దానికి కొరింథియన్ ఆకులు లేవు, సింహాలు లేవు. కానీ ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో అందరికీ తెలుసు. అక్కడ కట్టినవాళ్లూ కట్టించినవాళ్లూ ఒక్కరే.

మా ఉంగుటూరుకు దగ్గర్లోనే, బెజవాడలో, 1917 నవంబరులో మొదటి ఆంధ్రదేశ పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు ఈ భాగ్యరెడ్డి వర్మే. పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని అక్కడే పేరు మార్చుకున్నారు. సభకు వచ్చినవాళ్లు కొండెక్కుతారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. గుమ్మాలు మూసినవాళ్ల ఎదుటే మనవాళ్లు తమ పేరు తాము పెట్టుకున్నారు.

ఏం చేయాలి?

రెసిడెన్సీ మేడలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. శిథిలమవుతున్న దర్బారు హాలును బాగుచేసి 2023లో జనానికి తెరిచారు. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖ్‌తో నాలుగెకరాల కోసం తలపడ్డ పాలకుర్తి చాకలి మనిషి పేరు కంపెనీ త్రికోణం కిందకు వచ్చింది. సంతోషమే. మా ఇళ్లలో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాకు ఆ మెట్ల ఎత్తు తెలుసు. కానీ పేరు పెట్టటం ఒక పని, పేర్లు వెతకటం ఇంకో పని. మొదటిది ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో చేస్తుంది. రెండోది మనమే చేయాలి.

దొరల మేడల్ని పడగొట్టమని మేము అనటం లేదు. మన తాతల చేతి పని అది, ఎందుకు పడగొట్టుకుంటాం? పైగా పాత సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ పుచ్చిపోతుందని ఇప్పుడు నిపుణులు తెలుసుకున్నారు. సున్నం పనివాళ్ల కోసం మళ్లీ వెతుక్కుంటున్నారు. ఆ విద్య ఏ కాలేజీలోనూ లేదు, ఆ కులాల ముసలివాళ్ల చేతుల్లో ఉంది. దాన్ని కూలి పని అనకుండా శాస్త్రం అని ఒప్పుకుని, ఆ గౌరవంతోనే జీతం ఇవ్వాలి.

మిత్ర పరిశోధకులకు మా సూచన ఇది. ఎక్కడ పాత మేడ కనిపించినా ముందు వెనక్కి వెళ్లండి. దొడ్డి గుమ్మం ఎక్కడుందో చూడండి, బావి ఎక్కడుందో, పాకీ కంత ఎక్కడుందో కొలిచి నక్షాలో గీయండి. ఎస్టేటు లెక్కల పుస్తకాల్లో 'కూలీలకు' అని రాసిన పద్దుల్ని తిరగేయండి. పల్లెకు, గూడేనికి వెళ్లి పెద్దవాళ్లను అడగండి. మా నాయన ఆ మేడకు ఇటుకలు మోశాడు, మా అమ్మ ఆ కప్పు కొట్టింది అని చెప్పే మనుషులు ఇంకా కొందరు మిగిలారు. వాళ్లు వెళ్లిపోతే మనకు మిగిలేది స్తంభమే. ఏథెన్స్ వాళ్లు బానిస పేరును రాతి మీద రాశారు. మనం కనీసం కాగితం మీదన్నా రాద్దాం.